ఏఐ జవాబుల్లో మన పేజీకి చోటు దక్కాలంటే ఏం చేయాలి?

ప్రశ్న: గృహోపకరణాల మరమ్మతుల గురించి కొన్నేళ్లుగా ఒక వెబ్‌సైట్ నడుపుతున్నాను. వాషింగ్ మెషీన్లు, ఫ్రిజ్‌లు, మైక్రోవేవ్ ఒవెన్‌లు బాగుచేయడమే నా వృత్తి; సైటులో ఉన్నదంతా నేను స్వయంగా రాసిందే. గత ఏడాదిగా మా పేజీలు సెర్చ్‌లో కనిపించే సంఖ్య పెద్దగా తగ్గలేదు గానీ, క్లిక్కులు మాత్రం దాదాపు సగానికి పడిపోయాయి. గూగుల్‌లో వెతికితే పైన ఏఐ రాసిన జవాబు వస్తోంది. అందులో ఉన్నది మేము ఎప్పుడో రాసిన విషయమే, పక్కన ఉన్న లింకులు మాత్రం వేరేవాళ్లవి. ఈమధ్య ఒక సంస్థ వాళ్లు వచ్చి, వందల కొద్దీ ప్రశ్న-జవాబుల పేజీలు తయారుచేసి, ఎల్ఎల్ఎమ్స్.టీఎక్స్‌టీ అనే ఫైలు, స్కీమా కోడు పెడితే ఏఐ జవాబుల్లో మా పేరు ఖాయంగా వస్తుందని చెబుతున్నారు. వాళ్ల మాట నమ్మవచ్చా? లేక ఏఐ బాట్లన్నిటినీ (సైట్లను తమంతట తామే చదివే ప్రోగ్రాములు) సైటులోకి రాకుండా ఆపేయడమే మంచిదా?

సమాధానం: మొదట ఆ సంస్థ సంగతి తేల్చేద్దాం. ఏఐ జవాబులో ఫలానా సైటు పేరు ఖాయంగా వచ్చేలా చేస్తామని హామీ ఇవ్వగలిగే స్థితిలో ఈ రోజు ఎవరూ లేరు. ఒకే ప్రశ్నను పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి అడిగినా జవాబులోని వాక్యాలూ, దాని పక్కన చూపే లింకులూ మారిపోతుంటాయి; అడిగే తీరులో ఒక్క మాట అటూ ఇటూ అయినా మూలాలు వేరే అవుతాయి. గూగుల్ తన మార్గదర్శకాల్లోనే ఈ విషయం సూటిగా చెప్పింది. ఏఐ ఓవర్‌వ్యూస్‌లో (సెర్చ్ ఫలితాల పైన వచ్చే ఏఐ సారాంశం) గానీ ఏఐ మోడ్‌లో (ఏఐతో సంభాషణలా సాగే సెర్చ్) గానీ కనిపించడానికి ప్రత్యేకమైన సాంకేతిక అర్హతలేవీ లేవు. పేజీ గూగుల్ ఇండెక్స్‌లో, అంటే అది దాచుకునే పేజీల జాబితాలో ఉండాలి, మామూలు సెర్చ్ ఫలితాల్లో స్నిపెట్‌తో (లింకు కింద వచ్చే చిన్న వివరణ) చూపించడానికి వీలుగా ఉండాలి, అంతే. ఆ రెండూ ఉన్నా చూపిస్తామన్న భరోసా లేదని కూడా చెప్పింది. కాబట్టి "ఖాయం" అన్న మాటకు డబ్బు కట్టకండి.

అలాగని మీ చేతిలో ఏమీ లేదని కాదు. చాలానే ఉంది, అందులో ఎక్కువ భాగం మీరు తప్ప మరొకరు చేయలేని పని. అదేమిటో తెలియాలంటే ఈ జవాబు ఎలా తయారవుతుందో ముందు కొంచెం చూడాలి.

భాషా నమూనా (ఏఐ జవాబు రాసే ప్రోగ్రాం) తన జ్ఞాపకం మీదే ఆధారపడి రాస్తే తప్పులు దొర్లుతాయి, కొత్త విషయాలు తెలియవు. అందుకని ప్రశ్న రాగానే ముందు వెబ్ ఇండెక్స్‌లో వెతికి, దొరికిన పేజీల్లోంచి పనికొచ్చే భాగాలను నమూనా ముందు పెట్టి, వాటి ఆధారంగా జవాబు రాయిస్తారు. రిట్రీవల్ ఆగ్మెంటెడ్ జనరేషన్ అనే పేరుతో 2020 నుంచి పరిశోధనల్లో నలుగుతున్న పద్ధతి ఇది. 2024 మే నెలలో అమెరికాలో అందరికీ అందుబాటులోకి వచ్చిన గూగుల్ ఏఐ ఓవర్‌వ్యూస్, అదే ఏడాది అక్టోబరు చివర్లో వచ్చిన చాట్‌జీపీటీ సెర్చ్, పర్‌ప్లెక్సిటీ అనే ఏఐ సెర్చ్ సేవ వంటివన్నీ స్థూలంగా ఈ దారిలోనే నడుస్తాయి. పైగా అడిగిన ప్రశ్నను అడిగినట్టే వెతికి ఊరుకోవు. గూగుల్ దీన్ని క్వెరీ ఫ్యాన్-అవుట్ అంటుంది: ఒక ప్రశ్నను కొన్ని చిన్న ప్రశ్నలుగా విడగొట్టి అన్నిటినీ ఒకేసారి వెతుకుతుంది. "మెషీన్ ఉతుకుతోంది కానీ నీళ్లు పోవడం లేదు, కింద ఏదో మూలుగుతున్నట్టు శబ్దం వస్తోంది, మెకానిక్‌ను పిలవాలా, నేనే చూసుకోవచ్చా" అని ఎవరైనా అడిగితే, నీళ్లు పోకపోవడానికి కారణాలు, ఆ శబ్దానికి అర్థం, ఫిల్టర్ శుభ్రం చేసే పద్ధతి, పంపు మార్చాల్సిన సందర్భం ఇలా నాలుగైదు వైపుల నుంచి సమాచారం పోగవుతుంది.

ఈ ప్రక్రియలో పోటీ పేజీకీ పేజీకీ మధ్య కంటే పేరాకూ పేరాకూ మధ్యే ఎక్కువ. మీ పేజీ మొత్తం ఎంత చక్కగా ఉన్నా, అందులోంచి విడదీసి తీసుకున్న నాలుగు వాక్యాలు తమంతట తాము అర్థం కాకపోతే అవి ఆ జవాబుకు పనికిరావు. పత్రికలోంచి కత్తిరించి దాచుకున్న ముక్కలాగా, ముందూ వెనకా లేకపోయినా ఆ పేరా నిలబడాలి. మీ విషయమే ఉన్నా లింకు వేరేవాళ్లకు పోవడానికి నేను మొదట అనుమానించేది దీన్నే. అదే విషయాన్ని వాళ్లు ఒక్కచోట, పూర్తిగా, పేరు పెట్టి చెప్పి ఉంటారు. మీరు మూడు పేరాల్లో, మాట్లాడినట్టుగా చెప్పి ఉంటారు.

ఉదాహరణ చూపిస్తేనే ఇది స్పష్టమవుతుంది. మరమ్మతు వ్యాసాల్లో తరచుగా కనిపించే పేరా ఇలా ఉంటుంది: "పైన చెప్పినట్టే దీనికి కూడా కారణం అదే. చాలామంది దీన్ని పట్టించుకోరు. ముందుగా దాన్ని బయటికి తీసి శుభ్రంగా కడిగి మళ్లీ పెట్టండి, తొంభై శాతం సమస్య అక్కడికే తీరిపోతుంది. తీరకపోతే ఇందాక చెప్పిన రెండో భాగం చూడాలి." పై నుంచి చదువుకుంటూ వచ్చిన మనిషికి ఇందులో లోపమేమీ కనిపించదు. విడిగా చూస్తే మాత్రం ఏ యంత్రం, ఏ సమస్య, ఏ భాగం అన్నది ఒక్కటీ లేదు. తొంభై శాతం అన్న అంకెకు ఆధారమూ లేదు.

ఇదే విషయాన్ని ఇలా రాయవచ్చు: "ఫ్రంట్ లోడ్ వాషింగ్ మెషీన్ ఉతకడం పూర్తయ్యాక నీళ్లు బయటికి వదలకపోతే ముందుగా డ్రెయిన్ పంప్ ఫిల్టర్ చూడాలి. చాలా మోడళ్లలో ఇది మెషీన్ ముందు వైపు, అడుగున మూలగా ఉన్న చిన్న మూత వెనక ఉంటుంది. ముందు ప్లగ్ తీసేసి, లోపలి నీళ్లు వేడిగా ఉంటే చల్లారనిచ్చి, కింద వెడల్పాటి పళ్లెం పెట్టి, ఫిల్టర్‌ను నెమ్మదిగా ఎడమవైపుకు తిప్పి తీయాలి. నాణేలు, గుండీలు, దారపు పీచు ఇక్కడే చిక్కుకుంటాయి. ఫిల్టర్, డ్రెయిన్ పైపు రెండూ శుభ్రంగా ఉన్నా మూలుగు శబ్దం వస్తూ నీళ్లు కదలకపోతే, పంపులోని చిన్న చక్రం ఇరుక్కుపోయి గానీ, పంపు పాడైపోయి గానీ ఉండవచ్చు." యంత్రం పేరు, సమస్య, భాగం ఎక్కడుందో, పని జరిగే క్రమం, అది పనిచేయకపోతే తర్వాత చూడాల్సింది అన్నీ ఒకే పేరాలో వచ్చాయి. ఇందులో ఏఐ కోసమని ప్రత్యేకంగా చేసింది ఏదీ లేదు. చేతులు తడిగా ఉండగా ఫోన్‌లో చదువుతున్న మనిషికి కూడా ఇదే మేలు. ఈ పేరా పైన పెట్టే ఉపశీర్షిక కూడా "రెండో కారణం" అని కాకుండా "వాషింగ్ మెషీన్ నీళ్లు వదలకపోతే డ్రెయిన్ ఫిల్టర్ ఎలా శుభ్రం చేయాలి" అని ఉండాలి.

మీ రంగానికి సంబంధించి ఇక్కడ ఇంకో మాట గట్టిగా చెప్పాలి. పేరాలు విడిపోయి ప్రయాణిస్తాయి గనక, జాగ్రత్త చెప్పే వాక్యం ఆ పని చెప్పే పేరాలోనే ఉండాలి. భద్రతా సూచనలన్నీ పేజీ మొదట్లో ఒక పెట్టెలో రాసి, కింద విప్పే పద్ధతి మాత్రం రాస్తే, ఏఐ జవాబులోకి విప్పే పద్ధతి ఒక్కటే వెళ్లిపోవచ్చు. మైక్రోవేవ్ ఒవెన్ ప్లగ్ తీసేసినా లోపలి కెపాసిటర్‌లో ప్రాణాంతకమైన హై వోల్టేజ్ నిలిచి ఉండవచ్చని మీకు తెలుసు, చదివేవారికి తెలియదు. ఆ మాట, కవర్ విప్పడం గురించిన మాట ఒకదానికొకటి అంటుకునే ఉండాలి. 2024 మేలో ఏఐ ఓవర్‌వ్యూస్ మొదలైన కొద్ది రోజులకే, పిజ్జా మీద చీజ్ జారిపోకుండా జిగురు కలపమని సలహా వచ్చిన ఉదంతం ప్రపంచమంతా చూసింది. దానికి మూలం ఎన్నో ఏళ్ల కిందట రెడిట్‌లో ఎవరో సరదాకు రాసిన వ్యాఖ్య. అది హాస్యమని అక్కడి చదువరులకు తెలుసు. విడదీసి తీసుకున్న వాక్యంలో ఆ ధ్వని మిగలలేదు. మీ పేజీలో వ్యంగ్యంగానో, "ఇలా చేసి చూడండి, మెషీన్ చేతికొస్తుంది" అన్న ధోరణిలోనో రాసిన వాక్యాలుంటే వాటిని నేరుగా "ఇలా చేయకూడదు" అని మార్చేయండి.

పేరాలు స్వయంగా నిలబడితే సరిపోతుందా అంటే, సరిపోదు. ఫిల్టర్ శుభ్రం చేయాలన్న సాధారణ జ్ఞానం నమూనాకు ఇప్పటికే ఉంది, వేలాది సైట్లలోనూ ఉంది. అది మీ పేజీ దగ్గరికి రావాల్సిన అవసరం ఎప్పుడు పడుతుందంటే, మరోచోట దొరకని నిర్దిష్టమైన విషయం మీ దగ్గర ఉన్నప్పుడు. ఐఐటీ ఢిల్లీ, ప్రిన్స్‌టన్ తదితర సంస్థల పరిశోధకులు 2023 నవంబరులో వెలువరించిన ఒక పత్రం ఈ విషయాన్ని ప్రయోగపూర్వకంగా పరిశీలించింది. జనరేటివ్ ఇంజన్ ఆప్టిమైజేషన్ అన్న పేరు కూడా అందులోంచే వచ్చింది. ఒకే పేజీని రకరకాలుగా మార్చి చూస్తే, ఆధారాలు చూపడం, సంబంధిత వ్యక్తుల మాటలు ఉటంకించడం, గణాంకాలు చేర్చడం అనే మూడు మార్పులు ఆ పేజీ జవాబుల్లో కనిపించే పాళ్లను గరిష్ఠంగా 40 శాతం దాకా పెంచాయని వాళ్లు తేల్చారు. కీవర్డులు (జనం వెతికే మాటలు) కుక్కడం వల్ల మేలేమీ జరగలేదు. మామూలు సెర్చ్‌లో కింద వరుసల్లో ఉన్న సైట్లు ఇలాంటి మార్పుల వల్ల ఎక్కువ లాభపడ్డాయన్నది మీలాంటి చిన్న సైట్లకు ఆశ కలిగించే విషయం. అయితే ఆ ప్రయోగం జరిగినప్పటి వ్యవస్థలకూ నేటివాటికీ తేడా ఉంది, అందరూ అదే పని చేస్తే ఆ లాభం మిగలదు కూడా. అందుచేత 40 అన్న అంకెను పట్టుకుని వేలాడకండి. ఆధారమున్న నిర్దిష్టమైన విషయానికి విలువ ఉంటుందన్న దిశను మాత్రం తీసుకోండి.

ఆ నిర్దిష్టమైన విషయం మీ దగ్గర పుష్కలంగా ఉంది. పంపు చక్రం ఇరుక్కుంటే వచ్చే మూలుగుకూ, బేరింగ్ పోతే వచ్చే గరగరకూ తేడా ఏమిటో మీ చెవికి తెలుసు. ఏ భాగం పోయినప్పుడు మార్చుకోవడం లాభమో, ఎప్పుడు కొత్త యంత్రమే నయమో మీ చేతికి తెలుసు. తయారీదారు మాన్యువల్‌లో ఒకటి రాసి ఉండి, నిజంగా విప్పినప్పుడు మరొకటి కనబడిన సందర్భాలు మీ అనుభవంలో ఉంటాయి. వీటిని రాయండి. రాసేటప్పుడు "మా దగ్గరికి వచ్చిన ఈ రకం మెషీన్లలో ఎక్కువసార్లు చూసిన లోపం ఇది" అని మూలం మీరేనని తెలిసేలా రాయండి. పని నోటుపుస్తకం గానీ బిల్లులు గానీ ఉంటే వాటిలోంచి లెక్క తీసి, ఎన్నిటిలో ఎన్ని అన్నది, ఏ కాలానిదన్నది చెప్పండి. లెక్క లేకపోతే లెక్క చెప్పవద్దు. పైన చూసిన తొంభై శాతం వంటి నోటిమాట అంకెలు ఏఐ జవాబులోకి ఎక్కితే, మీ పేరుతోనే పది చోట్లకు పాకే తప్పులవుతాయి. గూగుల్ తన నాణ్యతా పరిశీలకుల మార్గదర్శకాల్లో నైపుణ్యం, ప్రామాణికత, విశ్వసనీయతల పక్కన 2022 డిసెంబరులో అనుభవాన్ని కూడా చేర్చింది. అది నేరుగా ర్యాంకు నిర్ణయించే మీట కాదు గానీ, ఆ సంస్థ దేన్ని మంచి పేజీ అనుకుంటోందో అది చెబుతుంది. అలాగే రాసింది ఎవరు, ఏ పని చేస్తారు, ఎంతకాలంగా చేస్తున్నారు అన్నది ప్రతి వ్యాసం కింద ఉండాలి. సైటు పేరు, మీ పేరు అన్ని చోట్లా ఒకే రకంగా రాయడం కూడా ముఖ్యమే.

ఇక ఆ వందల ప్రశ్న-జవాబుల పేజీల సంగతి. ఇది అనవసరమే కాదు, ప్రమాదకరం కూడా. 2024 మార్చిలో గూగుల్ తన స్పామ్ విధానాలను సవరించి, సెర్చ్ ఫలితాలను ప్రభావితం చేయడం కోసం పాఠకులకు పెద్దగా పనికిరాని పేజీలను గుట్టలుగా తయారుచేయడాన్ని నేరుగా నిషేధించింది. వాటిని మనిషి రాశాడా, యంత్రం రాసిందా అన్న తేడా అందులో లేదు. ఇలాంటి పేజీలు మూడు వందలు చేరితే మీరు చేత్తో రాసిన మంచి వ్యాసాలు వాటి మధ్య కలిసిపోతాయి, సైటు మొత్తం మీద అంచనా దెబ్బతింటుంది. మీరు చేయాల్సింది దానికి సరిగ్గా వ్యతిరేకం. ఒకే సమస్య మీద ఏళ్ల తరబడి రాసిన మూడు నాలుగు చిన్న వ్యాసాలుంటే, వాటిని కలిపి ఒక పూర్తి వ్యాసంగా తిరగరాసి, పాత చిరునామాల నుంచి కొత్తదానికి రీడైరెక్ట్ పెట్టండి. ఫ్యాన్-అవుట్‌లో పుట్టే చిన్న ప్రశ్నలకు వేరువేరు పేజీలు అక్కర్లేదు; ఆ వ్యాసంలోనే ఒక్కొక్క ఉపశీర్షిక కింద ఒక్కొక్క జవాబు ఉంటే చాలు.

ఎల్ఎల్ఎమ్స్.టీఎక్స్‌టీ అనేది 2024 సెప్టెంబరులో జెరెమీ హోవర్డ్ అనే ఏఐ పరిశోధకుడు చేసిన ఒక ప్రతిపాదన. సైటులోని ముఖ్యమైన పేజీల జాబితాను భాషా నమూనాలు సులువుగా చదువుకునేలా ఒక ఫైలులో పెట్టడం దాని ఉద్దేశం. ఆలోచన మంచిదే, సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్ సైట్లకు ఉపయోగపడుతుంది కూడా. గూగుల్ మాత్రం తన ఏఐ ఫలితాల్లో కనిపించడానికి ఇలాంటి కొత్త ఫైళ్లేవీ అవసరం లేదని స్పష్టంగా చెప్పింది. పెట్టుకుంటే నష్టం లేదు, దానికోసం డబ్బు ఇవ్వనక్కర్లేదు. స్కీమా పరిస్థితి కాస్త వేరు: 2011లో గూగుల్, బింగ్, యాహూ కలిసి మొదలుపెట్టిన ఆ పద్ధతి పేజీ దేని గురించో, రచయిత ఎవరో, ఎప్పుడు రాశారో యంత్రానికి విడమరిచి చెబుతుంది, కనుక వ్యాసానికీ రచయితకూ సంబంధించిన మామూలు స్కీమా ఉండటం మంచిది. అందులో రాసింది పేజీలో కంటికి కనిపించేదానితో సరిపోలాలి. ప్రశ్న-జవాబుల స్కీమా పెడితే సెర్చ్‌లో ప్రత్యేకంగా కనిపించే రోజులు మాత్రం పోయాయి. 2023 ఆగస్టులోనే గూగుల్ దాన్ని పేరున్న ప్రభుత్వ, ఆరోగ్య సైట్లకు పరిమితం చేసింది. ఇది తెలిసి కూడా మీకు అమ్మజూపుతున్నారో, తెలియక అమ్ముతున్నారో గానీ, రెండూ మంచి సూచనలు కావు.

వీటికంటే ముందు చూసుకోవాల్సిన సాంకేతిక విషయం ఒకటుంది. మీ పేజీలోని అసలు పాఠం బాట్లకు అందుతోందా? గూగుల్‌బాట్ జావాస్క్రిప్ట్‌ను నడిపించి పేజీని పూర్తిగా చూడగలదు. ఏఐ సంస్థల క్రాలర్లలో (పేజీలు చదివి తీసుకెళ్లే బాట్లు) చాలావాటికి ఆ సామర్థ్యం లేదు. సర్వర్ నుంచి మొదట వచ్చిన హెచ్‌టీఎమ్ఎల్‌లో ఉన్నదే అవి చదువుతాయి. బ్రౌజర్‌లో జావాస్క్రిప్ట్ ఆపేసి మీ పేజీ తెరిచి చూడండి. వ్యాసం కనిపిస్తే సరే, ఖాళీ తెర వస్తే సైటు తయారుచేసినవారితో మాట్లాడి పాఠం సర్వర్ నుంచే వచ్చేలా మార్పించండి. ఎర్రర్ కోడుల పట్టికను ఫొటోగా పెట్టి ఉంటే దాన్ని పాఠంగా టైపు చేయండి. వీడియోలో మాత్రమే చెప్పిన విషయాలుంటే వాటి సారం కింద రాయండి. హోస్టింగ్ లేదా భద్రతా సేవ మీకు తెలియకుండానే బాట్లను ఆపేస్తోందేమో కూడా చూడాలి. అలాంటి సేవల్లో ఒకటైన క్లౌడ్‌ఫ్లేర్ 2025 జులైలో కొత్తగా చేరే సైట్లకు ఏఐ క్రాలర్లను డిఫాల్ట్‌గానే అడ్డుకునే విధానం ప్రకటించింది. అలాంటి సేవ వాడుతున్నవారు దాని సెట్టింగులు ఒకసారి తెరిచి, అక్కడ ఉన్నది తమ నిర్ణయమేనా కాదా అని చూసుకోవడం అవసరం.

దీంతో మీ రెండో ప్రశ్న దగ్గరికి వచ్చాం. బాట్లన్నిటినీ ఆపేయాలా అన్నది న్యాయమైన ప్రశ్న. మీ శ్రమను అడగకుండా తీసుకుని, చదువరిని మీ గుమ్మం దాకా రానివ్వకపోతే కోపం రావడం సహజం, ఆ కోపం నాకూ ఉంది. కానీ "ఏఐ బాట్లు" అని ఒకే గాటన కట్టేస్తే తప్పు తలుపు మూసుకునే ప్రమాదముంది. వీటిలో కొన్ని నమూనాలకు శిక్షణ ఇవ్వడానికి పాఠం పోగుచేసేవి, కొన్ని సెర్చ్ ఇండెక్స్ కోసం వచ్చేవి, మరికొన్ని ఎవరో అడిగిన ప్రశ్నకు ఆ క్షణంలో పేజీ తెరిచి చూసేవి. ఓపెన్‌ఏఐకి ఈ మూడు పనులకూ మూడు పేర్లున్నాయి: శిక్షణకు జీపీటీబాట్, సెర్చ్‌కు ఓఏఐ-సెర్చ్‌బాట్, వాడుకరి కోరిక మీద వచ్చేది చాట్‌జీపీటీ-యూజర్. ఏ బాట్ రావచ్చో, ఏది రాకూడదో చెప్పే రోబోట్స్.టీఎక్స్‌టీ ఫైలులో జీపీటీబాట్‌ను వద్దని, ఓఏఐ-సెర్చ్‌బాట్‌ను రానివ్వవచ్చు. అప్పుడు మీ పాఠం శిక్షణకు పోకుండానే చాట్‌జీపీటీ సెర్చ్‌లో మీ లింకు కనిపించే వీలుంటుంది.

గూగుల్ విషయంలో ఈ విభజన అంత సులువు కాదు, చాలామంది పొరబడేది కూడా ఇక్కడే. 2023 సెప్టెంబరులో వచ్చిన గూగుల్-ఎక్స్‌టెండెడ్ అనే పేరును రోబోట్స్.టీఎక్స్‌టీలో అడ్డుకుంటే జెమిని నమూనాల శిక్షణకు మీ పాఠం వాడకుండా ఆపవచ్చు గానీ, ఏఐ ఓవర్‌వ్యూస్ మీద దాని ప్రభావం లేదు. అవి సెర్చ్‌లో భాగం కాబట్టి మామూలు గూగుల్‌బాట్ తెచ్చిన పాఠమే వాటికి ఆధారం. అక్కడ ఆపాలంటే నోస్నిపెట్, మ్యాక్స్-స్నిపెట్, నోఇండెక్స్ వంటి ఆదేశాలే దారి, వాటి వల్ల మామూలు ఫలితాల్లో కూడా మీ పేజీ కింద వివరణ పోతుంది లేదా పేజీయే పోతుంది. అది మనకు మనం చేసుకునే నష్టం. అయితే డేటా-నోస్నిపెట్ అనే చిన్న సౌకర్యం ఉంది. పేజీలో ఏదైనా ఒక భాగాన్ని మాత్రమే స్నిపెట్‌కూ, ఏఐ జవాబుకూ వాడకుండా గుర్తుపెట్టవచ్చు. మీరు ఎంతో శ్రమపడి కూర్చిన మోడల్‌వారీ పట్టిక ఏదైనా ఉంటే దానికి మాత్రం ఇది పెట్టి, చుట్టూ ఉన్న వివరణను తెరిచి ఉంచడం నాకు సబబనిపిస్తుంది. రోబోట్స్.టీఎక్స్‌టీ అన్నది 1994లో పుట్టి, 2022లో ఆర్ఎఫ్‌సీ 9309 అనే ఇంటర్నెట్ ప్రమాణంగా మారిన మర్యాదపూర్వక ఒప్పందం మాత్రమేనని గుర్తుంచుకోండి. మర్యాద పాటించే బాట్లే దాన్ని పాటిస్తాయి. పాటించనివాటిని సర్వర్ స్థాయిలోనే ఆపాలి. శిక్షణ బాట్లను రానివ్వాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం, ఏది ఎంచుకున్నా తప్పు కాదు. సెర్చ్ బాట్లను మాత్రం ఆపవద్దని నా సలహా.

ఇన్ని చేసినా పాత క్లిక్కులన్నీ తిరిగి వస్తాయని మిమ్మల్ని నమ్మిస్తే అది అన్యాయం. అమెరికాలో 900 మంది 2025 మార్చి నెలలో చేసిన సెర్చ్‌లను ప్యూ రీసెర్చ్ సెంటర్ విశ్లేషించింది. ఏఐ సారాంశం వచ్చినప్పుడు మామూలు ఫలితం మీద నొక్కింది 8 శాతం సందర్భాల్లోనే. సారాంశం రానప్పుడు అది 15 శాతం. సారాంశం లోపలి లింకు నొక్కింది 1 శాతం సందర్భాల్లో మాత్రమే. మీ అంకెలు సగానికి పడిపోవడం ఈ చిత్రానికి దగ్గరగానే ఉంది. అంటే ఇది మీ రాతలో లోపం వల్ల మాత్రమే జరిగింది కాదు, వెతికే అలవాటే మారింది. ఉటంకింపు దక్కడం, చదువరి రావడం ఇప్పుడు రెండు వేరువేరు విషయాలు.

అందుకని పేజీలను రెండు రకాలుగా విడదీసి చూడండి. ఫ్రిజ్‌ను ఎంత చల్లదనంలో ఉంచాలి, ఫలానా ఎర్రర్ కోడుకు అర్థం ఏమిటి వంటి ఒక్క వాక్యంలో తేలిపోయే ప్రశ్నలకు క్లిక్కులు ఇక రావు. వాటి మీద కొత్తగా శ్రమ పెట్టకండి. పని పూర్తి చేయడానికి మనిషి మీ పేజీని పక్కన తెరిచి పెట్టుకోవాల్సిన విషయాలు వేరే ఉన్నాయి. ఒక్కొక్క మర విప్పుతున్నప్పటి దగ్గరి ఫొటోలు, ఏ శబ్దం దేనిదో వినిపించే చిన్న ఆడియో ముక్కలు, లక్షణం నుంచి కారణానికి అంచెలంచెలుగా తీసుకెళ్లే నిర్ధారణ పట్టిక, మరమ్మతా కొత్తదా అన్నది తేల్చుకోవడానికి లెక్కగట్టే సాధనం వంటివి సారాంశంలో ఇమడవు. మీ సమయమంతా అక్కడ పెట్టండి. కొందరు అసలు జవాబును పేజీ అడుగున దాచి, చదువరిని కిందిదాకా లాగమని సలహా ఇస్తారు. అది చేయకండి. జవాబు మొదటి పేరాలోనే ఉండాలి. ఎందుకు, ఎలా, కాకపోతే ఏమిటి అన్నది దాని తర్వాత రావాలి. మొదటి పేరాలో నిజాయితీగా జవాబిచ్చిన పేజీనే మనిషి నమ్మి కిందికి చదువుతాడు, యంత్రం కూడా దాన్నే ముందుగా పట్టుకుంటుంది.

ఫలితాన్ని కొలవడంలో కొంత ఓర్పు కావాలి. సైటు యజమానులకు గూగుల్ ఇచ్చే సెర్చ్ కన్సోల్‌లో ఏఐ ఓవర్‌వ్యూస్, ఏఐ మోడ్ ద్వారా వచ్చిన అంకెలు మామూలు వెబ్ సెర్చ్ అంకెల్లోనే కలిసి ఉంటాయి, కాబట్టి అక్కడి మొత్తాన్ని చూసి దేని వల్ల ఎంత అని చెప్పలేం. చాట్‌జీపీటీ నుంచి వచ్చేవారిని గుర్తించడం కొంత తేలిక; అది ఇచ్చే లింకుల చివర తన పేరుతో యూటీఎమ్ గుర్తు (చదువరి ఎక్కడి నుంచి వచ్చారో చెప్పే ముక్క) చేరుస్తుంది, అనలిటిక్స్‌లో అది కనిపిస్తుంది. దీనితోపాటు, మీ దగ్గరికి వచ్చేవాళ్లు నిజంగా అడిగే ప్రశ్నలు ఓ ఇరవై, వాళ్ల మాటల్లోనే రాసి పెట్టుకుని, నెలకోసారి రెండు మూడు ఏఐ సేవల్లో లాగిన్ కాకుండా అడిగి చూడండి. మీ పేరు వచ్చిందా అన్నది ఒక్కటే చూడవద్దు. మీరు చెప్పింది సరిగ్గా చెప్పిందా, జాగ్రత్త వాక్యాన్ని వదిలేసిందా, మీ బదులు ఎవరి పేజీ వచ్చింది, ఆ పేజీలో మీ దగ్గర లేనిది ఏముంది అని చూడండి. ఒకసారి రాలేదని దిగులుపడక, నాలుగైదు నెలల ధోరణిని గమనించండి.

సైటు మొత్తాన్ని ఒకేసారి తిరగరాయనక్కర్లేదు. సెర్చ్ కన్సోల్‌లో ఎక్కువసార్లు కనిపిస్తూ క్లిక్కులు బాగా తగ్గిన పది పేజీలు ఎంచుకోండి. వాటిలో ఒక్క వాక్యంలో తేలిపోయే ప్రశ్నలవి పక్కన పెట్టి, మిగిలినవాటిని పైన చెప్పిన పద్ధతిలో వారానికొకటి చొప్పున మార్చండి. నిజంగా మార్చిన పేజీకే తేదీ మార్చండి, సైటు పేజీల జాబితా అయిన సైట్‌మ్యాప్‌లోనూ అదే తేదీ ఉండాలి. పాఠం ముట్టుకోకుండా తేదీ మాత్రం కొత్తది వేయడం ఎవరినీ మోసం చేయదు. ఏ పేజీలో ఏ రోజు ఏం మార్చారో ఒక పుస్తకంలో రాసుకుంటే, ఆ సంస్థవాళ్లు మళ్లీ వచ్చినప్పుడు వాళ్ల మాటను మీ సొంత లెక్కలతో పోల్చి చూసుకోవచ్చు. అప్పటికీ సాంకేతిక సహాయం అవసరమనిపిస్తే, పాఠం సర్వర్ నుంచి అందేలా చేయడం, రీడైరెక్టులు సరిచేయడం వంటి పనులకు మాత్రమే, పనిని బట్టి డబ్బు చెల్లించే పద్ధతిలో ఎవరినైనా పెట్టుకోండి. రాయడం మాత్రం మీ దగ్గరే ఉంచుకోండి.